నా కోడలి రక్తపరీక్ష నన్ను సిగ్గుపరచింది

సహోదరీ సహోదరులారా, ప్రభువు నామంలో మీకు వందనాలు. స్త్రీల కూడికలో ముందు వరసలో కూర్చుని గట్టిగా ప్రార్థన చేసే ఈ మరియమ్మ ఇంట్లో ఎంత కఠినురాలో ఈరోజు తలదించుకుని చెబుతున్నాను.

పోయిన ఏడాది మిరప కోతలప్పుడు నా కోడలు సువార్త, పొద్దున లేస్తే వేళ్లు ముడుచుకోవడం లేదని, మోకాళ్లు పట్టేశాయని అనేది. నేను నమ్మలేదు! "చేలో కాయలు రాలిపోతుంటే నీకు ఇప్పుడే నొప్పులొచ్చాయా? నాటకాలాడకు" అని వాకిట్లో నిలబడి నలుగురూ వినేలా అరిచాను. అంతటితో ఆగానా? సంఘంలో లేచి, "ప్రభువా, నా కోడలిలో ఉన్న సోమరితనపు ఆత్మను వెళ్లగొట్టు" అని ప్రార్థించాను. పక్కనే కూర్చున్న ఆ పిల్ల, "ఆమేన్" అంది. అయ్యో, అది తలుచుకుంటే ఇప్పటికీ చచ్చిపోవాలనిపించేంత సిగ్గు!

ఒకరోజు అన్నం ముద్ద నోటిదాకా ఎత్తలేక కంచం ముందే ఏడ్చేసింది. నా కొడుకు గుంటూరు ఆస్పత్రికి తీసుకెళ్తుంటే నేనూ బయల్దేరాను, డాక్టరు ఏమీ లేదని చెబితే నా మాట నెగ్గుతుందని! డాక్టరమ్మ రక్తపరీక్ష కాగితం చూసి, "ఒంట్లో వాపు, మంట ఉంటే లివరు సీఆర్‌పీ అనే ప్రొటీన్‌ని రక్తంలోకి ఎక్కువగా వదులుతుందమ్మా. ఈమెకి అది బాగా పెరిగింది, అల్బుమిన్ అనే ఇంకో ప్రొటీన్ తగ్గిపోయింది. కీళ్లు కూడా వాచాయి. ఇది కీళ్లవాతం. ఇన్నాళ్లు ఎలా ఓర్చుకుంది?" అంది.

"అయితే నటన కాదాండీ?" అని నా నోట వచ్చేసింది.

"నటిస్తే రక్తం మారుతుందా అమ్మా?"

నా కొడుకు నా వైపు చూడలేదు. వరండాలోకెళ్లి గోడవైపు తిరిగి, "తండ్రీ, నీ పేరు చెప్పి దాన్ని మాటలతో కొట్టాను, నన్ను క్షమించు" అని ఏడ్చాను. తర్వాత సువార్త దగ్గరికెళ్లి చేతులు జోడించాను. "నొప్పి ఓర్చుకున్నాను అత్తయ్యా, మీరు నమ్మకపోవడమే..." అని ఆగిపోయింది.

మందులు వాడుతోంది. మొన్నటి పరీక్షలో సీఆర్‌పీ తగ్గింది, అల్బుమిన్ పెరిగింది, దేవునికే మహిమ! పొద్దుటి పట్టేయడం ఇంకా పూర్తిగా పోలేదు. ప్రభువు ముందుగా విడిపించింది నా నోటిని.

ప్రియులారా, మీ ఇంట్లో ఎవరైనా నొప్పి అంటే ముందు నమ్మండి, ఆస్పత్రికి తీసుకెళ్లండి, అప్పుడు మోకరించండి. నాలాంటిదాన్నే తోసెయ్యని ప్రభువు మిమ్మల్ని తోసెయ్యడు, ఆయన దగ్గరికి రండి. ఆమేన్.