పెళ్లి హాలు వెనక ఇల్లు

రియాద్‌లో ఉన్నన్నాళ్లూ ఏసీ రొద కింద పడుకుని విసిగిపోయాను. మా ఆయనకి అభాకి బదిలీ అయిందని తెలియగానే నేను అడిగింది ఒకటే, అక్కడ కిటికీలు తెరుచుకుని పడుకోవచ్చా అని. పడుకోవచ్చన్నారు అందరూ. కొండల మీద ఊరు, ఎండాకాలంలో కూడా సాయంత్రాలు శాలువా కప్పుకోవాలి, వాన కూడా పడుతుంది అన్నారు. అన్నీ నిజమే. ఇంటి సంగతే ఎవరూ చెప్పలేదు.

బ్రోకరు మాకు ఆ ఇల్లు చూపించింది ఒక శుక్రవారం పొద్దున, సెలవు రోజు. రెండో అంతస్తు, పెద్ద వంటిల్లు, పడకగదికి వెనకవైపు రెండు కిటికీలు. కిటికీలోంచి చూస్తే గోడ అవతల తెల్లటి పెద్ద భవనం, దాని ముందు ఖాళీ పార్కింగు. మనిషి అలికిడి లేదు.

"ఏదో గవర్నమెంటు ఆఫీసు గావొచ్చు. సాయంత్రానికి ఖాళీ అయితది, మనకు మంచిదే" అన్నారు మా ఆయన. సివిల్ ఇంజనీరు కదా, బిల్డింగు చూసి చెప్పగలరని నేనూ నమ్మాను. ఏడాదికి కాంట్రాక్టు రాసేశాం.

ఇంట్లో దిగిన వారంలోనే, గురువారం సాయంత్రం అసర్ నమాజు అయ్యాక నేను ల్యాబ్ నుంచి వచ్చి టీ పెట్టుకుంటున్నాను. నేనక్కడ ఒక పాలీక్లినిక్‌లో ల్యాబ్ టెక్నీషియన్ని. వెనక గోడ అవతల నుంచి ఒక ఆడగొంతు మైకులో "వాహెద్, ఇత్నేన్, వాహెద్, ఇత్నేన్" అని లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఆ తర్వాత డప్పు మీద ఒక్క దెబ్బ పడింది. స్టాండులో గిన్నెలు గలగలమన్నాయి. చీకటి పడేసరికి పార్కింగంతా కార్లు, భవనమంతా దీపాలు. అది ఆఫీసు కాదు, ఖసర్ అల్ అఫ్రాహ్. అంటే పెళ్లిళ్ల హాలు.

సౌదీ పెళ్లిలో మగవాళ్ల హాలు వేరు, ఆడవాళ్ల హాలు వేరు. పాటలూ ఆటలూ అన్నీ ఆడవాళ్ల వైపే. డప్పులు వాయిస్తూ పాడే ఆడవాళ్ల బృందాలుంటాయి. వాళ్ల మైకులు, వాళ్ల స్పీకర్లు మన రాజకీయ సభలకు పెట్టేంత ఉంటాయి. మా పడకగది సరిగ్గా ఆ ఆడవాళ్ల హాలు వైపే ఉంది. పాట తెల్లవారుజామున ఫజర్ అజాన్ దాకా సాగింది. అజాన్ వినపడగానే టక్కున ఆగింది. మర్నాడు శుక్రవారమైనా నాకు డ్యూటీ ఉంది. ఆరు గంటలకు లేచి పోయి, మైక్రోస్కోపులో కళ్లు పెట్టి కునికిపాట్లు పడ్డాను.

ఒక్క గురువారమే అయితే ఓర్చుకునేదాన్నేమో. ఎండాకాలం సెలవులకి రియాద్ నుంచీ జెద్దా నుంచీ జనం చల్లదనం కోసం ఈ కొండలెక్కుతారు, పెళ్లిళ్లు కూడా ఇక్కడే పెట్టుకుంటారు. జూలైకల్లా దాదాపు రోజూ పెళ్లే. చల్లగాలి కోసం వచ్చినదాన్ని కిటికీలన్నీ బిగించి, సందుల్లో తువ్వాళ్లు కుక్కి, ఆ చప్పుడు వినపడకుండా మళ్లీ ఏసీ వేసుకుని పడుకున్నాను.

మా బిల్డింగు వాచ్‌మన్‌కి చెప్పాను. బంగ్లాదేశ్ మనిషి, పాపం మంచివాడు. "మేడమ్, అందర్ సబ్ లేడీస్ హై. హమ్ కైసే జాయేగా?" అన్నాడు. అదీ నిజమే. ఆడవాళ్ల హాల్లోకి మగవాడు అడుగు పెట్టకూడదు. శబ్దం తగ్గించమని చెప్పడానికి మగవాళ్లు లోపలికి పోలేరు, లోపలున్న వాళ్లకి తగ్గించాలని ఉండదు.

ఆ నెలలోనే మా అత్తయ్య విజిట్ వీసా మీద వచ్చారు. ఆవిడది కరీంనగర్ దగ్గర ఊరు. మామయ్య పోయాక ఎక్కడికీ కదలని మనిషి. కొడుకు బలవంతం మీద వచ్చారు. మొదటి రాత్రే పెళ్లి మోత. ఆవిడ నిద్ర ఏమవుతుందోనని నేను కంగారుపడుతుంటే ఆవిడ హాయిగా గురక పెట్టి పడుకున్నారు. పొద్దున్నే అడిగాను, నిద్ర పట్టిందా అత్తయ్యా అని.

"మంచిగ వట్టింది బిడ్డా. పెండ్లన్నంక సప్పుడుండదా? సప్పుడు లేకుంటెనే భయం నాకు."

ఇంక ఇంట్లో కూడా నా పక్షాన మాట్లాడే మనిషి లేకుండా పోయింది. నా పోరు పడలేక ఒక సాయంత్రం మా ఆయన బయల్దేరారు, మగవాళ్ల హాలుకి పోయి పెద్దవాళ్లెవరితోనైనా మాట్లాడి వస్తానని. ఎనిమిదింటికి వెళ్లిన మనిషి పదింటికి వచ్చారు. చొక్కా నిండా ఊదు పొగ వాసన.

"మాట్లాడారా?"

"ఏడ మాట్లాడనిచ్చిన్రు? లోపలికి వోంగనే పెండ్లికొడుకు నాయిన లేచొచ్చి గుండెలకు హత్తుకున్నడు. పక్కన కూసోవెట్టి గహ్వా కాఫీ పోసిండు, ఖర్జూరాలు వెట్టిండు. అన్నం తినేదాంక లేవనియ్యలే."

"మోత గురించి చెప్పారా లేదా?"

"ఆ దిక్కు మోతనే లేదు. అందరు గోడకానుకోని మెల్లగ ముచ్చట్లు వెట్టుకుంటున్నరు. గంత సప్పుడు లేనికాడ సప్పుడు ఎక్కువైందని ఎట్ల చెప్పాలె?"

చెప్పులు విడిచి పక్కగదిలోకి పోయి పడుకున్నారు. కడుపు నిండింది కదా, నిద్ర పట్టింది. నేను గోడ వైపు చూస్తూ కూర్చున్నాను.

ఇక నేనే పోవాలని నిర్ణయించుకున్నాను. మర్నాడు రాత్రి ఇషా నమాజు కాగానే నల్లటి అబాయా తొడుక్కుంటుంటే అత్తయ్య మంచి చీర కట్టుకుని వచ్చి నిలబడ్డారు.

"నేను గొడవ చెప్పడానికి వెళ్తున్నాను అత్తయ్యా. పెళ్లికి కాదు."

"నీ గొడవ నువ్వు చెప్పుకో. నేను పెండ్లిపిల్లను చూసొస్త."

ఆవిడకీ ఒక అబాయా తొడిగి తీసుకెళ్లాను. ఆడవాళ్ల గేటు దగ్గర ఒక నల్లటి పెద్దావిడ కుర్చీలో కూర్చుని ఉంది. సూడాన్ ఆవిడట. వచ్చిన వాళ్ల ఫోన్లన్నీ తీసుకుని సంచుల్లో వేసి బిళ్ల ఇస్తోంది. లోపల ఆడవాళ్లు బురఖాలు తీసేసి ఉంటారు కాబట్టి ఎవరూ ఫొటోలు తియ్యకూడదు. మా ఫోన్లూ తీసుకుంది. ఎవరి తరఫు అని అడగలేదు.

లోపల అడుగు పెట్టగానే నాకు చెవుల్లో కాదు, పక్కటెముకల్లో వినపడింది డప్పు. వేదిక మీద అయిదారుగురు ఆడవాళ్లు కూర్చుని వాయిస్తున్నారు, మధ్యలో భారీ మనిషి ఒకావిడ మైకు పట్టుకుని పాడుతోంది. చుట్టూ ఉన్న వాళ్లు ఒకరి చెవిలో ఒకరు నోరు పెట్టి మాట్లాడుకుంటున్నారు. పెళ్లివారిలా కనిపించిన ఒక ముసలావిడ మా చేతులు పట్టుకుని లోపలికి నడిపించింది. నాకొచ్చిన అరబిక్ ల్యాబ్ అరబిక్. చెయ్యి చాపండి, పిడికిలి బిగించండి, రిపోర్టు రేపు. ఉన్నంతలో ఆవిడ చెవి దగ్గర గట్టిగా అరిచాను, "సౌత్, ఆలీ." శబ్దం, ఎక్కువ.

ఆవిడకి అర్థమైంది. తల ఊపి, నా బుగ్గ నిమిరి, వేదిక దగ్గరికి పోయి పాడే ఆవిడతో ఏదో చెప్పింది. పాడే ఆవిడ నా వైపు చూసి నవ్వి, పక్కనున్న బాక్సు మీద మీట తిప్పింది. శబ్దం రెట్టింపయింది.

మర్నాడు మా క్లినిక్ రిసెప్షన్‌లో పనిచేసే సౌదీ అమ్మాయికి ఈ సంగతి చెబితే, పొట్ట పట్టుకుని నవ్వింది. "వెనక కూర్చున్నావు, వినపడటం లేదు, ఇంకొంచెం పెంచమంటున్నావు అనుకుని ఉంటారు. ఎంత మర్యాద చేశారో చూడు నీకు" అంది ఇంగ్లీషులో.

ఆ రాత్రి మాత్రం నేను తల పట్టుకుని హాల్లోనే ఒక సోఫాలో కూలబడ్డాను. ఫోను చేసి మా ఆయన్ని రమ్మందామంటే ఫోను గేటు దగ్గర ఉంది. వెళ్లిపోదామంటే అత్తయ్య పక్కన లేరు.

చూద్దును కదా, వేదిక ముందు ఆడేవాళ్ల వరసలో ఉన్నారు ఆవిడ. అబాయా తీసి కుర్చీ మీద వేసేశారు. ఆ ముసలావిడే చెయ్యి పట్టుకుని లాక్కుపోయినట్టుంది. వాళ్లు భుజాలు కలిపి రెండడుగులు ముందుకీ ఒకడుగు వెనక్కీ వేస్తుంటే, అత్తయ్య మధ్యలో చప్పట్లు కలుపుతూ తన అడుగులు తాను వేస్తున్నారు. ఎవరికీ అడ్డం కాలేదు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. పిలవని పెళ్లి, తెలియని మనుషులు, గొడవ చెప్పడానికి వచ్చిన మేము. చెయ్యి ఊపి రమ్మన్నాను. ఆవిడ చూడలేదు, లేదా చూడనట్టు నటించారు.

పాట ఆగినప్పుడు ముసలావిడ తన తలపట్టీలోంచి ఒక రెమ్మ తీసింది. ఆ కొండప్రాంతపు ఆడవాళ్లు మరువంలాంటి వాసన ఉండే ఆకుల్ని మల్లెలతో కలిపి జుట్టులో తురుముకుంటారు. ఆ రెమ్మని అత్తయ్య ముడిలో పెట్టబోయింది. నేను లేచాను. మామయ్య పోయాక ఆవిడ పూలు పెట్టుకోలేదు. మా ఆడపడుచు పెళ్లిలో సొంత తల్లి అయ్యుండీ, మంగళహారతి వేళకి ఎవరూ చెప్పకుండానే పక్కకి తప్పుకుని నిలబడ్డారు. ఈ ముసలావిడకి అదంతా ఎలా చెప్పాలి, నా ల్యాబ్ అరబిక్‌లో?

అత్తయ్య చెయ్యి ఒకసారి ముడి దాకా వెళ్లింది. ఆగింది. కిందకి దిగింది. తల కొంచెం వంచారు. ముసలావిడ రెమ్మ పెట్టి, వెనక్కి జరిగి చూసుకుని, తన గుండె మీద చెయ్యి వేసుకుని ఏదో చెప్పింది. ఆవిడ మాటల్లో ఒక్కటి నాకు తెలిసింది, అర్మలా. విధవ అని. తన గురించే చెప్పుకుంటోంది.

గేటు బయట మా ఆయన కంగారుగా అటూ ఇటూ తిరుగుతున్నారు. తల్లిని చూశారు. ఆవిడ తల వైపు చూశారు.

"అమ్మా, ఏందది?"

"పెట్టిన్రు రా" అన్నారు అత్తయ్య. అంతే. ఇంటికొచ్చాక ఆవిడ ఆ రెమ్మని తీసి స్టీలు గ్లాసులో నీళ్లు పోసి వేశారు.

నేను మెత్తబడ్డానని ఎవరైనా అనుకుంటే పొరపాటు. ఆ రాత్రి కూడా మోత అజాన్ దాకా సాగింది, నాకు మర్నాడు కూడా తలనొప్పే. పైగా కొత్త బాధ ఒకటి మొదలైంది. వారం తిరిగేసరికి అత్తయ్య సాయంత్రం తల దువ్వుకుని నా గది గుమ్మంలో నిలబడ్డారు.

"ఇయ్యాల పోమా?"

"ఎవరు పిలిచారని అత్తయ్యా?"

"మొన్న మాత్రం పిలిచిన్రా?"

నేను రానన్నాను. ఆవిడ రెండు రోజులు ముభావంగా ఉన్నారు. "తీస్కపో, ఏమైతది?" అన్నారు మా ఆయన, తాను రానక్కర్లేదు కాబట్టి. చివరికి చెవుల్లో దూది పెట్టుకుని తీసుకెళ్లాను. తర్వాత ఇంకా రెండు మూడు సార్లు కూడా. నేను గేటు లోపల ఆ సూడాన్ ఆవిడ పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేదాన్ని, అక్కడ మోత కొంచెం తక్కువని. అత్తయ్య వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ ఆవిడ దగ్గర ఆగి, ఆవిడ అరబిక్కూ ఈవిడ తెలుగూ కలిపి ఏదో మాట్లాడుకునేవారు. పలకరింపులే అనుకుని నేను పట్టించుకోలేదు.

వీసా గడువు అయిపోయి అత్తయ్య వెళ్లిపోయారు. చలికాలంలో పెళ్లిళ్లు తగ్గాయి కానీ ఆగలేదు. కాంట్రాక్టు ముగియగానే ఊరికి అవతలి వైపు ఇల్లు చూసుకున్నాం. ఈసారి గురువారం రాత్రి వెళ్లి చూశాను, చుట్టుపక్కల రెండు వీధులు నడిచి మరీ. ఇల్లు మారుతున్న రోజు లారీలోకి మంచాలు ఎక్కిస్తుంటే, హాలు గేటు దగ్గర ఊడుస్తున్న సూడాన్ ఆవిడ నన్ను చూసి పిలిచింది. "హజ్జా ఎక్కడ?" అని అడిగింది. పెద్దావిడల్ని అక్కడ గౌరవంగా అలా పిలుస్తారు, అత్తయ్య గురించే. ఇండియా వెళ్లిపోయారన్నాను. "నా సలాం చెప్పు" అంది.

ఆ సాయంత్రం కొత్త ఇంట్లోంచి అత్తయ్యకి ఫోను చేసి చెప్పాను.

"ఆమె మోకాళ్ల నొప్పులు తగ్గినయా? అడిగినవా?" అన్నారు ఆవిడ.

నేను అడగలేదు. ఆ సూడాన్ ఆవిడకి మోకాళ్ల నొప్పులున్నాయని కూడా నాకు తెలియదు.