కట్ల పెద్దమ్మ, పాస్టరుగారి పొడుగు ప్రార్థన

"నా చేతులంటే నాకే భయమేస్తోంది, పెద్దమ్మా."

ఆదివారం ఆరాధన అయిపోయింది. చర్చి వెనక గదిలో పెద్దమ్మ ప్రభు భోజనపు చిట్టి గాజు గ్లాసులను వేడినీళ్ళలో కడిగి తెల్లగుడ్డ మీద బోర్లిస్తోంది. తుడవడానికి సాయం వచ్చిన యువకుడు ఆ మాట అనేసి చేతిలోని గ్లాసు కింద పెట్టేశాడు.

అతనికి నాలుగు నెలల కూతురు. నిన్న మధ్యాహ్నం భార్య పనికి వెళ్ళాక పాప రెండు గంటలు గుక్కపట్టి ఏడ్చింది. ఎత్తుకున్నా ఊరుకోలేదు, పాలు పట్టినా ఊరుకోలేదు. చివరికి పాలసీసా గోడకేసి కొట్టాడు. ఆ చప్పుడుకు పాప ఉలిక్కిపడి ఊపిరి బిగబట్టింది. ఆ క్షణంలో తనలో తండ్రి కనిపించాడు అతనికి.

అతను రసాయన శాస్త్రం చదివాడు, మందుల కంపెనీ ల్యాబులో పని. దెబ్బలు చూస్తూ పెరిగినవాళ్ళు చెయ్యి చేసుకునే అవకాశం ఎక్కువని ఎక్కడో చదివాడు. ఎంత ఎక్కువో కూడా చదివాడు. నిన్నటినుంచి ఆ అంకె చెవిలో జోరీగలా రొద పెడుతోంది.

ఇలాంటి మాటలు వినీ వినీ రాటుదేలిన మనిషి పెద్దమ్మ. ఆసుపత్రిలో విరిగిన ఎముకలకు కట్లు కట్టే గదిలో ముప్ఫై ఏళ్ళు పనిచేసింది. అందుకే చర్చి సంఘంలో అందరూ కట్ల పెద్దమ్మ అంటారు. ఆ రోజుల్లో ఇదే సంఘానికి చెందిన ఒక ఇల్లాలు మూడుసార్లు ఆమె దగ్గరికి వచ్చింది. మూడుసార్లూ మెట్ల మీంచి పడ్డానంది. చూసుకుని దిగాలమ్మా అని మందలించి, కట్టు కట్టి పంపింది పెద్దమ్మ. నాలుగోసారి ఆ ఇల్లాలు రాలేదు, ఆమె చావు కబురు వచ్చింది. సంఘంవాళ్ళతో కలిసి భూస్థాపనకు వెళ్ళినప్పుడు చూసింది, ఆ ఇంటికి మెట్లే లేవు.

మరుసటి ఆదివారం సాక్ష్యాలు చెప్పే వేళ, దేవుడు చేసిన మేళ్ళు చెప్పుకునే చోట నిలబడి ఆవిడ తన తప్పు చెప్పింది. ఇళ్ళ దర్శనానికి వెళ్ళిన పెద్దలను కూడా వదల్లేదు. భర్త ఎదురుగా అంతా క్షేమమేనా అని అడిగితే ఏ ఆడది కాదంటుందని నిలదీసింది. ఒక సంఘ పెద్ద లేచి, ఇంటి గుట్టు రట్టు చేయకూడదమ్మా అన్నాడు.

"గుట్టుగా ఉంచడానికి నాకేం అభ్యంతరం లేదయ్యా. విరిగిన చెయ్యి ఎక్కడ దాచాలో మీరే చెప్పండి" అందావిడ.



అప్పటినుంచి దర్శనాలకు పాస్టరుగారి వెంట పెద్దమ్మ కూడా వెళ్ళేది. ఆయన ముందుగదిలో భర్తను కూర్చోబెట్టి, కళ్ళు మూయించి, ప్రార్థన ఎత్తుకునేవారు. మంచినీళ్ళు తాగొస్తానంటూ ఈవిడ వంటింట్లోకి నడిచి ఇల్లాలితో ఒంటరిగా మాట్లాడేది. ఈవిడ బయటికి వచ్చేదాకా ఆయన ఆమెన్ అనేవారు కాదు. ఒకసారి రాజులూ రోగులూ ప్రయాణికులూ పరీక్షలు రాసేవాళ్ళూ అందరూ అయిపోయి, సముద్రంలో చేపల క్షేమం కూడా అడిగారని సంఘంలో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు.

ఏడేళ్ళప్పుడు ఈ యువకుడు అలాంటి ఒక ప్రార్థనలో తండ్రి పక్కన మోకాళ్ళ మీద ఉన్నాడు. కాళ్ళు తిమ్మిరెక్కి ఓరగా చూస్తే, పాస్టరుగారూ ఒక కన్ను తెరిచి వంటింటి గుమ్మం వైపే చూస్తున్నారు. వారం తిరక్కుండా అమ్మా అతనూ సంఘంలో పాటలు నేర్పే టీచరమ్మ ఇంటి మేడగదికి మారారు. ఎవరింట్లో కూర మాడినా సాయంత్రానికల్లా అందరికీ తెలిసిపోయే సంఘం అది. తండ్రి ఇంటింటికీ తిరిగి అడిగినా ఒక్కరి నోరూ పెగల్లేదు. పాటల బృందంలో ఆయన చోటు తీసేశారు. తిరిగి కాపురానికి వెళ్ళమని అమ్మతో ఎవరూ అనలేదు. తన సంఘం గురించి చెప్పాల్సి వస్తే అతను తల ఎత్తుకుని చెప్పేది ఆ సంగతే.

పెద్దమ్మ ఇంకో గ్లాసు బోర్లించింది.

"మీ ల్యాబులో మందు తేడాగా ఉంటే ఏం చేస్తారు నాయనా?"

"బయటికి పోనివ్వం."

"గుట్టుచప్పుడు కాకుండా మూలన పెట్టేస్తారా?"

"లేదు. కాగితం మీద రాసి పైవాళ్ళకు చెప్పాలి."

"మరి నిన్నటిది మీ ఆవిడకు చెప్పావా?"

అతను తల వంచుకున్నాడు. "సీసా చెయ్యి జారిందన్నాను."

పెద్దమ్మ చేతులు తుడుచుకుని అతని వైపు తిరిగింది.

"పాప మీద చెయ్యి వెయ్యలేదు, అది మంచిదే. కానీ సీసా విసిరిన చెయ్యి నీది. మీ నాన్నది కాదు. ఆయన్ని చూపించి తప్పించుకోకు, ఆయన్ని తలుచుకుని బెదిరిపోకు."

ఇంటికి వెళ్ళి అతను భార్యకు ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆమె పాపను ఒళ్ళోకి తీసుకుని, పెద్దమ్మ ఇంకేమంది అని అడిగింది. చెప్పాడు. ఆమె ఆ మాటను కాగితం మీద రాసి ఉయ్యాల పక్క గోడకు అంటించింది. ఆ తర్వాత మూడు నెలల్లో అయిదుసార్లు అతను అక్షరం పొల్లుపోకుండా అలాగే చేశాడు:

"తట్టుకోలేనప్పుడు పాపను ఉయ్యాల్లో వెల్లకిలా పడుకోబెట్టు. గది బయటికి వచ్చి మీ ఆవిడకో నాకో ఫోన్ చెయ్యి. కాసేపు ఏడిస్తే పాపకేం కాదు. భయమేసినప్పుడే చెప్పు నాయనా, చెయ్యి లేచాక కాదు."