ఒక్కడి జట్టు

ఆ రోజుల్లో నేను ఆదివారం కోసం బతికేవాణ్ని. గోదావరి జిల్లా నుంచి ఉద్యోగానికొచ్చి సైదాబాద్‌లో గది తీసుకున్న నాకు, ఆఫీసు మూశాక మాట్లాడే మనిషి లేడు. అందుకే జహనుమాలోని ఓ క్రికెట్ క్లబ్బు నన్ను చేర్చుకున్నప్పుడు పెళ్లి కుదిరినంత సంబరపడ్డాను. (చేర్చుకున్నది నా ఆట చూసి కాదు. జట్టు కిట్ బ్యాగు పెట్టుకోవడానికి నా గదిలో చోటుండటం చూసి.) అందరూ నన్ను 'గోదారి' అనేవారు. బ్యాటింగులో నాది ఆఖరి స్థానం. నా వంతు వచ్చేలోపు ఓవర్లయినా అయిపోయేవి, మ్యాచ్ అయినా అయిపోయేది. ఫీల్డింగుకు నన్ను బౌండరీ గోడ దగ్గర నిలబెట్టేవారు. అక్కడికి బంతి కన్నా మేకలే ఎక్కువగా వచ్చేవి. అయినా ఎండకీ జ్వరానికీ ఒక్క ఆదివారం మానలేదు.

అలాంటి ఒక ఆదివారం పొద్దున, ఆటోలో కిట్ బ్యాగు వేసుకుని మైదానానికి వెళ్లేసరికి గౌలిపుర జట్టు మొత్తం వచ్చి కూర్చుంది. మావాళ్లు ఒక్కరూ లేరు. ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తరు. బ్యాగు మీద కూర్చుని గేటు వైపు చూస్తూ ఉండిపోయాను. చాలాసేపు ఆగి ఆగి అంపైరు మ్యాచ్‌ను అవతలివాళ్లకు ఇచ్చేశాడు. అప్పుడు వాళ్ల కెప్టెన్, పాల వ్యాపారం చేసే గుబురు మీసాలాయన, నా దగ్గరికొచ్చాడు.

"ఏంది తమ్మీ, ఒక్కనివే వచ్చినవ్? మీవోళ్లేరి?"

"వస్తారండీ. దారిలో ఉండుంటారు."

"గట్లని ఎవరన్న చెప్పిన్రా?"

ఎవరూ చెప్పలేదు. నేను బూటు లేసులు సర్దుకున్నాను. ఆయన కాసేపు మీసం సవరించుకుని, "మ్యాచ్ మాదే అయిందిలే గానీ, గింత దూరమొచ్చి ఊకెనే పోతవా? ప్యాడ్లు కట్టు" అన్నాడు.

సిగ్గుతో చచ్చిపోవాల్సిందే. కానీ నన్ను ఓపెనింగ్‌కు దిగమన్న కెప్టెన్ నా జీవితంలో ఆయనొక్కడే. కట్టుకున్నాను. అవతలి వికెట్ దగ్గర తోడుగా వాళ్ల మనిషినే నిలబెట్టారు. మొదటి బంతి నాకు కనిపించలేదు. రెండోది మోకాలికి తగిలింది. (నేను అంపైరు వైపు చూశాను, ఆయన ఆకాశం వైపు చూశాడు.) ఆ తర్వాత ఒక బంతి ఎందుకో నిదానంగా, నా బ్యాటును వెతుక్కుంటున్నట్టు వచ్చింది. ముందుకు అడుగేసి కొట్టాను. కవర్స్‌లో ఇద్దరి మధ్య నుంచి దూసుకెళ్లి గోడకు ఠప్పున తగిలింది. ఆ ఊపులో మావాళ్లు కూర్చునే చోటికి తిరిగి బ్యాటెత్తి చూపించాను. అక్కడ బ్యాగు ఒక్కటే ఉంది. స్లిప్‌లోంచి మీసాలాయనే "శభాష్ తమ్మీ!" అంటూ చప్పట్లు కొట్టాడు. తర్వాతి బంతికి వికెట్ ఎగిరిపోయింది. మా జట్టు ఆలౌట్.

ప్యాడ్లు విప్పుతుండగా మా కెప్టెన్ బడే భాయ్ ఫోన్ చేశాడు. "అరే గోదారీ, యాడున్నవ్? ఇయ్యాల మా చెల్లె నిఖా గద! టీమంత ఈడనే ఉన్నది. నీకెవ్వరు చెప్పలేదా?" నాకూ, గౌలిపురవాళ్లకూ ఒకరు చెప్పారని ఇంకొకరు అనుకున్నారట. తెల్లబట్టల్లోనే, బ్యాగుతో సహా ఫంక్షన్ హాలుకు వెళ్లాను. బిర్యానీ ముందు కూర్చున్నాక ఉండబట్టలేక, "ఇవాళ కవర్ డ్రైవ్ కొట్టాను భాయ్" అన్నాను.

"ఎవరు చూసిన్రు?"

"వాళ్లు."

బల్లంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. బడే భాయ్ మాత్రం నా పళ్లెంలో పెద్ద ముక్క వేసి, "అచ్చే ఐతారం నువ్వే ఓపెనింగ్, ఖుదా కసమ్" అన్నాడు. ఆ పై ఆదివారానికి అందరూ వచ్చారు. నన్ను మళ్లీ ఆఖరికే ఉంచారు. నా వంతు రాలేదు.

తర్వాత ఒక్కొక్కరుగా ఉద్యోగాల్లో, సంసారాల్లో పడి క్లబ్బు దానంతటదే ఆగిపోయింది. ఇప్పుడు నేను ఎక్కడికి బయల్దేరాలన్నా ముందే ఫోన్ చేసి ఎవరెవరు వస్తున్నారో కనుక్కుంటాను. జనం పలచగా ఉంటారనిపిస్తే ఏదో పని ఉందని తప్పించుకుంటాను. ఆనాటి గోదారి కుర్రాడికి ఇంత తెలివి లేదు. ఎవరూ రాకపోయినా ప్యాడ్లు కట్టుకున్నాడు.