మా ఆవిడ గ్రాట్యుటీ, నా యూనిట్లు

మా ఆవిడ పదకొండేళ్లు షార్జాలో ఒక స్కూల్లో లెక్కలు చెప్పింది. 2020లో ఆ స్కూలువాళ్లు సగంమంది టీచర్లను తీసేస్తే, వచ్చిన గ్రాట్యుటీతో అక్కడే అల్ నహ్దాలోని మా ఫ్లాట్‌లో కూర్చుంది. అప్పటికి ఆవిడకి నలభై రెండు.

"ఈ డబ్బుతో డ్రైవింగ్ నేర్చుకుంటానండీ. లైసెన్సుంటే దుబాయ్ స్కూళ్లలో కూడా చూసుకోవచ్చు," అంది.

డబ్బు ఊరికే పడి ఉంటే నాకు నిద్ర పట్టదు. ఒక్క ఏడాది ఆగమని చెప్పి, అంతా తీసుకెళ్లి అమెరికా పైప్‌లైన్ సంస్థ ఒకదానిలో పెట్టాను.

అది స్టాక్ మార్కెట్‌లోనే ఉంటుంది గానీ కంపెనీ కాదు, భాగస్వామ్య సంస్థ. షేర్లకు బదులు యూనిట్లిస్తారు, మూణ్ణెల్లకోసారి డబ్బు పంచుతారు. గల్ఫ్‌లో ఉన్నవాళ్లకి టాక్సేమిటి అనుకున్నాను. మొదటిసారి వచ్చినదాంట్లోనే మూడోవంతుకి పైగా అమెరికా కోసుకుంది. అయినా బుద్ధి రాలేదు. 2022 చివర టాక్స్ గురించి బ్రోకర్ మెయిల్ పంపితే, మనక్కాదులే అని చదవకుండా తీసేశాను.

జనవరిలో అమ్మబోతే స్క్రీన్ మీద ఎర్రక్షరాలు. ఇకనుంచి విదేశీయులు అమ్మితే పదోవంతు పట్టుకుంటారట. లాభంలో కాదు, అమ్మిన మొత్తంలో. అక్కడ రిటర్న్ వేస్తే కొంత వెనక్కి రావచ్చన్నారు. ఆ ఫారాలు చూసి దణ్ణం పెట్టేశాను. ఉంచినా కోతే, అమ్మినా కోతే. సంస్థ మామూలు కంపెనీగా మారితే మాత్రం ఈ పదోవంతు బెడద ఉండదు. మారుతుందని పుకారుంది.

ఆ పుకారు పట్టుకుని రెండున్నరేళ్లు వేలాడాను. ఆవిడ ఎప్పుడడిగినా "కన్వర్ట్ అవ్వనీ" అనేవాణ్ణి. ఈలోగా దుబాయ్ స్కూలొకటి పిలిచింది. టీచర్లకి బస్సు లేదన్నారు. ఆవిడ రాలేనని చెప్పి ఫోన్ పెట్టేసి, బాల్కనీలో ఆరిన బట్టలు తెచ్చి మడతపెట్టడం మొదలుపెట్టింది.

నిరుడు యూనిట్లున్నవాళ్ల ఓటింగ్ జరిగి సంస్థ కంపెనీ అయింది. నా ఖాతాలో యూనిట్లు పోయి షేర్లు వచ్చాయి. ఎర్రక్షరాలు లేవు. వంటింట్లోకి పరిగెత్తి ఆవిడకి ఫోన్ చూపించాను.

"అమ్మేశారా?"

"అందరూ ఇప్పుడే కొంటున్నారు. ఒక్క మూణ్ణెల్లు ఆగితే..."

ఆవిడ స్టవ్ కట్టేసి నావైపు తిరిగింది.

"పదోవంతు పోతుందని ఇన్నాళ్లూ ఆపారు. నావి ఐదేళ్లు పోయాయి. వాటిని ఏ అమెరికా కోసిందండీ?"

అక్కడే నిలబడి అన్నీ అమ్మేశాను.

డబ్బు చేతికొచ్చిన రోజే డ్రైవింగ్ స్కూల్లో ఆవిడ పేరు నమోదు చేయించడానికి వెళ్లాం. కౌంటర్ దగ్గర అమ్మాయి ఫారం నింపుతూ వయసడిగింది.

"నలభై ఏడు," అని చెప్పి, ఆవిడ నావైపు చూసింది.