మగ్గమోళ్ల కారు

బొగ్గుబాయిలో పనికి కుదిరినా రాజేశం కట్టేది తాను నేసిన ధోతే. చాయ్ హోటల్లో ఎవరైనా అంబాసిడర్‌ను మెచ్చుకుంటే గ్లాసు పక్కన పెట్టేవాడు. "టయోటావోళ్లు ముందుగాల మగ్గాలు జేసిన్రు. అది మా సాలోళ్ల కారు. దాన్ని మించింది లేదు" అనేవాడు. ఆ కారును అతను కంటితో చూసింది లేదు.

ఒక వానాకాలం జపాన్ ఇంజనీరొకాయన నిజంగానే ఆ కారులో గోదావరిఖని వచ్చి, బజారు బురదలో దిగబడ్డాడు. "మీ చుట్టం వచ్చిండు, రాజేశం బావా!" అని అందరూ నవ్వారు. తాడు దొరకలేదు. రాజేశం ధోతి విప్పి, పురిపెట్టి, బంపరుకు కట్టాడు. అందరూ గుంజితే కారు బయటపడింది. ధోతి బురదలో ముద్దయింది గానీ చినగలేదు. ఇంజనీరు వంగి వంగి దండం పెట్టి, తలుపు తీసి కూర్చోమన్నాడు.

రాజేశం తన లాగువైపు చూసుకుని వెనక్కి జరిగాడు. "చుట్టాల కారు గదా! ధోతి లేకుండ ఎట్ల ఎక్కుత?"