రెండో చరణం దగ్గర

మా బ్యాండులో ముగ్గురం. గొంతు నాది, గిటారు మధురవాడలో కోడింగు చేసుకునే మిత్రుడిది, డ్రమ్స్ మల్కాపురం బావవి. బావంటే చుట్టమేం కాదు, మా వైపు మగాళ్ళం ఒకరినొకరం అలాగే పిలుచుకుంటాం. అతను స్టీలు ప్లాంటులో షిఫ్టుల మీద పనిచేసేవాడు. అందుకని మా రిహార్సళ్ళకి ముహూర్తం పెట్టేది ప్లాంటువాళ్ళే. వాళ్ళ వీధి చర్చి హాలూ, చర్చి డ్రమ్సూ మాకు దొరికాయంటే అతని మొహం చూసే. ఆదివారం ఆరాధనకి మాత్రం ఎక్కడివక్కడ ఉండాలని పాస్టరుగారి షరతు.

నాకు నోటిదురుసు ఎక్కువ. దానికి ఎక్కువగా బలైనవాడు అతనే. ప్రతి పాటలోనూ రెండో చరణం దగ్గరికొచ్చేసరికి అతని చెయ్యి కాస్త నెమ్మదించేది. "నిద్దరోతన్నావేటి బావా?" అని అందరి ముందూ ఎగిరేవాణ్ణి. అతను తల గోక్కుని నవ్వేసి, "సరే బావా, సూసుకుంటాను" అనేవాడు. ఆరేళ్ళలో చూసుకున్నది లేదు.

నేను దాచిన సంగతి ఒకటుంది. చిన్నప్పటినుంచీ నాకు ఉబ్బసం. ఆ మాట బయటపడితే మైకు ఇంకొకడి చేతికి పోతుందని భయం. మందు పంపు, అదే ఇన్‌హేలరు, బాత్రూములో దాక్కుని పీల్చుకుని వచ్చేవాణ్ణి. ఆ బ్యాండు తప్ప నాకంటూ గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు మరి.

మా యాసలో మేమే కట్టిన పాటలు మెల్లగా జనానికెక్కాయి. కాలేజీ ఫెస్టులు, రుషికొండ కేఫ్‌లు, ఆ తరువాత బీచ్‌లో పెద్ద స్టేజీ. సరిగ్గా ఆ సాయంత్రమే బావకి షిఫ్టు పడింది. ఎంత బతిమాలినా మార్చుకునేవాళ్ళు దొరకలేదు. గిటారిస్టు ప్రోగ్రాం మానేద్దామన్నాడు. నేనే లాప్‌టాప్‌లో డ్రమ్స్ ట్రాకు చేయించాను. అంతటితో ఊరుకున్నానా, "మిషనైతే స్లో అవ్వదు" అని అతనికి ఫోన్లో చెప్పాను కూడా. "ఆల్ ద బెస్ట్ బావా" అన్నాడు.

స్టేజీ మీద రెండో చరణం వచ్చింది. ట్రాకు నా కోసం ఆగలేదు. ఊపిరి తీసుకునే సందు లేక రెండు లైన్లు మింగేశాను. అలవాటుకొద్దీ వెనక్కి చూస్తే స్టూలు మీద లాప్‌టాప్ ఉంది. ఇన్నేళ్ళూ ఆ సందు ఎవరిచ్చారో అప్పుడర్థమైంది. గిటారిస్టు సోలో సాగదీసి పరువు నిలబెట్టాడు. జనం చప్పట్లు కొడుతుంటే నాకు సిగ్గేసింది.

మర్నాడు మల్కాపురం వెళ్ళాను. బావ గుమ్మం ముందు బండి కడుక్కుంటున్నాడు.

"నా ఆయాసం సంగతి నీకు తెలుసేటి బావా?"

"మొదటి నెల్లోనే తెలిసింది. నీ ఎనకాలే కూకుంటాను కదేటి, పిల్లికూతలు ఇనపడవా?"

"మరి నాను తిడతంటే సెప్పవేటి?"

"సెప్తే నువ్వు పాడ్డం మానేత్తావని." గుడ్డ పిండి హ్యాండిలు మీద వేశాడు. "ఇప్పుడు మిషనొచ్చింది కదా. ఇంక నాను రాన్లే బావా."

కోపంగా అనలేదు. అందుకే తట్టుకోలేకపోయాను. అక్కడే నిలబడి గిటారిస్టుకి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాను. "నాకు ఉబ్బసం. మీకు తెలీకుండా దాచాను. బావ స్లో అయింది నా కోసమే. కావలిస్తే నన్ను తీసేయండి, ఆడ్ని మాత్రం వదులుకోవద్దు" అన్నాను.

"మరి ఇన్నాళ్ళూ ఆడ్నెందుకు తిట్టావు?" అన్నాడు గిటారిస్టు.

ఏదో చెప్పబోయాను. ఏడుపూ ఆయాసమూ కలిసి మాట పెగల్లేదు. బావ తడిచేతుల్తోనే నా చేతిలో ఫోన్ లాక్కున్నాడు.

"ఆడికిప్పుడు ఊపిరందట్లేదు. శెనివారం ముగ్గురం హాల్లో మాటాడుకుందాం" అని పెట్టేసి, నా వీపు నిమరడం మొదలెట్టాడు.