గుడ్లగూబ దూరిన ఇల్లు

ఇబ్రహీంపట్నం గ్రంథాలయంలో ఇవాళ ఒక పుస్తకం తిరగేస్తుంటే గుడ్లగూబ బొమ్మ కనపడింది. సంస్కృతంలో ఉలూకం, ఉర్దూలో ఉల్లూ, కన్నడంలో గూబె, తమిళంలో ఆందై. బడి ముఖం ఎక్కువ చూడని నేను ఈ మాటలన్నీ ఇలాంటి బల్లల దగ్గరే నేర్చుకున్నాను.

నిజాం మీద సాయుధ పోరాటం రోజుల్లో మా నాన్న, మేం బాపు అనేవాళ్లం, సంఘంలో చేరి రాచకొండ గుట్టల్లో ఉండేవాడు. ఒక సాయంత్రం గుడ్లగూబ మా ఇంట్లో దూరింది. దాని పసుపు కళ్లు నాకు భలే నచ్చాయి. నాయనమ్మ మాత్రం నన్ను బయటికి లాగింది.

"అరిష్టం! ఇల్లు ఇడువాలె, నడువున్రి."

"ఆయనొస్తే ఎట్ల అత్తమ్మా?" అంది అమ్మ.

"వాని పానం కోసమే చెప్తున్న."

తాళం వేసి కందుకూరులో మేనమామ ఇంటికి పోయాం. గుడ్లు పెట్టుకోమని పక్షికి ఇల్లు ఇచ్చామనుకుని నేను సంబరపడ్డాను.

నెల తర్వాత తిరిగొస్తే పక్కింటి అక్క ఏడ్చింది. "మీ బాపు వచ్చిండు. తాళం జూసి, 'నా పిల్లల్ని రజాకార్లు పట్టుకపోయిన్రు' అనుకుంట వాళ్ల క్యాంపు దిక్కు ఉరికిండు. పిలిస్తే ఆగలె."

పోలీసు చర్య తర్వాత గుట్టల నుంచి కొందరు ఇళ్లకు వచ్చారు. బాపు రాలేదు.

పెద్దయ్యాక ఒకరోజు అమ్మకు గుడ్లగూబ పేర్లన్నీ గర్వంగా చదివి వినిపించాను. గ్రీకు దేశంలో ఆ పక్షిని జ్ఞానానికి గుర్తుగా ఎంచేవారని కూడా చెప్పాను.

"మనం గా దేశపోళ్లమైతే ఇల్లు ఇడిచిపెట్టకపోదుము గద బిడ్డా," అంది అమ్మ.